పచ్చ నూలు బాకీ

ఫ్లెక్సీ నా దుకాణంలనే కొట్టిన.
పదహారు ఫీట్ల పొడుగు, ఎనిమిది ఎత్తు:
'కొత్తవాడ వీధి కళల జాతర'.
మొదటిసారి 'జా'కు దీర్ఘం పడలే,
షీటు పాడైంది,
ఆ ఖర్చు నాదే.

కింద వరుసగ పేర్లు:
ఒగ్గు కథ, చిందు బాగోతం,
నకాషీ పటం, పెంబర్తి ఇత్తడి, డప్పు,
గోడల మీద బొమ్మలేసే కాలేజీ పోరలు,
ఆఖర్న, చందా ఎక్కువిచ్చిన
కిరాణ మర్చంటు ఫోటో,
అందరికన్న పెద్దగ.

జంపఖానా పేరు లేదు.
రాయమని ఎవ్వలు చెప్పలే.
నాకూ యాదికి రాలే,
మగ్గం గుంట పక్కన
చప్పుడు వినుకుంట పెరిగినోన్ని.

జంపఖానాలు వచ్చినయి గాని,
సొసైటీ గోదాంల కెల్లి
ట్రాలీ ఆటోల, పందొమ్మిది, మూటలు కట్టి.
బిక్షపతి లెక్కల పుస్తకంల రాసుకున్నడు:
'టెంటు, గ్లాసులు, కూసునే బట్టలు.'

మాపటికి వాడంత రోడ్డు మీదికొచ్చింది.
చిందోళ్ల కిరీటం అద్దాలల్ల
మా గల్లీ లైట్లు ముక్కలు ముక్కలైనయి.
ఇలమ్మ ముందటి వరుసల కూసున్నది,
కండెలు చుట్టి చుట్టి వంకర పోయిన ఏళ్లతోని
తొడ మీద తాళమేసుకుంట.
ఎక్కడ కూసున్నదంటరా?
ఎర్ర చారల మీద.
పిలగాండ్లు మిర్చి బజ్జీల నూనె
దానికే తుడిచిన్రు.
ఒకడు ఉచ్చ పోసిండు,
తల్లి ఆ అంచు మడిచి
కథలకు చెవి తిప్పింది.
ఏం కాదు దానికి.
పెండ్లిల, చావుల, పార్టీ మీటింగుల
మనుషులు ఏం పారబోసినా
నోరు తెరువని బట్ట.

బీరన్న కథ సగంల ఉండంగ కరెంటు పోయింది.
డోలు ఆగలే.
చీకట్ల కథ ఇంకింత మంచిగ కనవడ్డది.

ఐపోయింది. జనం లేచిన్రు.
ఆడెపు ఓదేలు లేవలే.
కండ్లు ఆనవు ఆయినెకు.
వంగి, ఈనిన బర్రె దూడను నిమిరినట్టు
జంపఖానాను నిమురుతున్నడు.
"కాకా, లే. మడత పెట్టాలె."
"ఆగు. ఇది నాది."
"సొసైటీది కాకా."
"నేసింది నేను. గీడ ముడి ఉన్నది, సూడు."

ఫోన్ లైటు కొట్టిన.
ఎర్ర చార నడుస్త నడుస్త
ఒక్క కాడ పచ్చగైంది,
జానెడు,
మళ్ల ఏమెరుగనట్టు ఎర్రగ పోయింది.

"ఆ రాత్రి ఎర్ర నూలు ఐపోయింది బిడ్డా.
తెల్లారితె మాలు అప్పజెప్పాలె,
సావుకారి ఇంట్ల దీపం ఆర్పిండు.
మీ నాయిన తలుపు కొట్టిన.
ఆయినె దగ్గర పచ్చదే ఉండె.
ఒక చిలప చేతుల పెట్టి
'ఎవ్వలు సూస్తరు తియ్యే,
మీద కూసునేటోళ్లే గదా' అన్నడు.
తెల్లారంగ ఇంకొకడు ఎర్రది తెచ్చిండు,
ఎవ్వడో యాదికి లేదు.
మీ నాయిన బాకీ మాత్రం అట్లనే ఉన్నది."

నవ్విండు. పండ్లు లేవు.
నాయిన పోయి పదకొండేండ్లు.
మగ్గం కట్టె అమ్మితె వచ్చిన పైసలు
ప్రింటు మిషనుకు ఏ మూలకూ రాలే.
ఇది ఆయినెకు చెప్పలే నేను.

నలుగురం నాలుగు కొసలు పట్టినం.
దులిపితె లేచిన దుమ్ముల
ఆ రాత్రి కథంత దగ్గు తెప్పిచ్చింది.

తెల్లారెవరకు ఫ్లెక్సీ
కోడికూర దుకాణం మీదికెక్కింది.
కిరాణ మర్చంటు నవ్వు మీద
రెండు కాకులు.
జంపఖానాలు సొసైటీ గోడ పొంటి ఎండుతున్నయి.
పందొమ్మిదిట్ల ఏదో తెల్వక
ఒక్కొక్కటి తిప్పుకుంట పోయిన.
పదమూడో దాంట్ల దొరికింది,
పొద్దుటి ఎండల
ఎవ్వలకైనా కనవడేటంత పచ్చ.

ముడి ఏలుకు తాకింది.
ఆ దినం దుకాణం షట్టరు
పదకొండింటికి తీసిన.